గొర్రెలకు తలంటిన దర్శకుడు

మంచి కథను పాడుచేసే దర్శకులు చాలామంది ఉన్నారు. షాంపూతో పాడుచేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో వినండి.

అప్పటికి నేను పేరున్న దర్శకుణ్ణి. నా సినిమాల్లో బండ్లు గాల్లోకి లేస్తే తప్ప విశ్రాంతి కార్డు పడేది కాదు. పులివెందుల హాల్లో జనం చల్లిన కాగితం ముక్కలు ఊడ్చేలోపు తర్వాతి ఆట మొదలయ్యేది. మా ప్రొద్దుటూరులో నాకు టీ కూడా ఈలలతోనే అందేది. అంత సుఖంలో ఉన్నవాణ్ణి ఊరికే ఉండవచ్చు కదా! "మంచి సినిమా ఎప్పుడు తీస్తారు సార్?" అని ఎవరో అడిగారు. ఆ ముల్లు గుచ్చుకుని నేరుగా జమ్మలమడుగు పోయాను.

అక్కడ నాకు చిన్నప్పుడు తెలుగు చెప్పిన అయ్యవారు ఉండేవారు. ఆయన రాసిన ఒక కథ నాకు ప్రాణం. మాట్లాడుకోవడం మానేసిన బావా బావమరుదులు ఇద్దరు. కరువు. ఊళ్లో నీళ్లున్నది ఒకే తొట్టిలో. ఇద్దరి మందలూ ఒకేసారి వస్తాయి. ఇద్దరూ పక్కకు తప్పుకుంటారు. గొర్రెలు కలిసి నీళ్లు తాగుతాయి. అంతే కథ.

"అయ్యవారూ, ఇది నాకివ్వండి."

"నువ్వు తీస్తే ఆ తొట్టి పేలిపోతాదేమో అప్పా!"

"పేలదు సార్. ఒట్టు."

"సీమ అంటే కొట్టుకునేటోళ్లే అని నీ అట్లాటోళ్లు శానా తీసినారు. ఒక్కసారన్నా కొట్టుకోని మనుషుల్ని సూపించు. ఒక్క దెబ్బ పడినా నా కథ నాకిచ్చెయ్యాల."

గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. మా అయ్యవారు గొర్రెకన్నా అమాయకులు. నన్ను నమ్మారు.

ముద్దనూరు దగ్గర షూటింగు. నటులు వద్దు, నిజమైన మనుషులే కావాలన్నాను. ఓబులేసు, ఆయన బావమరిది గంగన్న తమ మందలతో వచ్చారు. ఓబులేసు గొర్రెల వీపున ఎర్రరంగు, గంగన్న గొర్రెల వీపున నీలిరంగు. ఎవరివి ఎవరివో తెలియడానికి పూసిన గుర్తులవి. నా కంటికి మాత్రం అవి హోలీ ఆడి వచ్చినట్టున్నాయి. గంభీరమైన సినిమాలో రంగులుండకూడదని ఎక్కడో విన్నాను. "కడిగెయ్యండి!" అన్నాను.

మేకప్ మస్తాన్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "హీరోలకు రంగేసిన చేత్తో గొర్రెలకు తలంటమంటారా సార్!"

"గుర్తు పోతే మాపటికి ఎట్లప్పా?" అని అడిగాడు ఓబులేసు.

"నీ గొర్రెల్ని నువ్వే గుర్తుపట్టలేవా మామా?"

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. "ముఖం జూసి చెప్తా!"

"నేను తోక జూసి చెప్తా!" అన్నాడు గంగన్న.

షాంపూతో తలంటు అయింది. మందలు కలిసి, తెల్లగా మెరిసిపోతూ నీళ్లు తాగాయి. షూటింగు చూడ్డానికొచ్చి కుర్చీలో కూర్చున్న అయ్యవారు కళ్లు తుడుచుకున్నారు. నేను మనసులోనే అవార్డు అందుకుని "కట్" అన్నాను. మందల్ని విడదీయడం మొదలైంది. ఒక బలిసిన పొట్టేలు దగ్గర ఆగిపోయింది.

"ఇది నాది," అన్నాడు ఓబులేసు.

"నీదెట్లా బావా? ముఖం జూడు, అచ్చం మా ఇంటి కళ!"

"అది మాత్రం నిజమే. మీ నాయన ముఖం గూడా ఇట్లనే ఉండె!"

గంగన్న ఓబులేసు చొక్కా పట్టుకున్నాడు. ఓబులేసు చెయ్యి గంగన్న చెంప మీద పడింది.

పరుగెత్తి విడదీయాల్సినవాణ్ణి నేను. ఏం చేశానో తెలుసా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. హిట్లతో వచ్చిన బుద్ధి పుడకలతోనూ పోదు.

"కెమెరా కిందికి దించు! దుమ్ము పడాలి! ఓబులేసు మామా, ముఖం ఇటు తిప్పు! గంగన్నా, చొక్కా వదలొద్దు, ఇంకొంచెం పైకెత్తు!"

పొద్దున్నుంచి నా మాట వినడం అలవాటైన గంగన్న నిజంగానే పైకెత్తాడు.

ఎవరో నా భుజం తట్టారు. అయ్యవారు. ఆయన కొట్లాట వైపు చూడటం లేదు.

"అప్పా, నా కథ అదో, అట్లా పోతాంది. నీ కెమెరా యాడ పెట్టినావు?"

తిరిగి చూశాను. పొద్దు వాలింది. ఇళ్ల దగ్గర దొడ్లలో గొర్రెపిల్లలు కనిపెట్టుకుని ఉంటాయి కదా, పాలు చేపుకొచ్చిన గొర్రెలు తమంతట తామే రెండు వరుసలుగా విడిపోయి చెరొక దారి పట్టాయి. ఆ పొట్టేలు కూడా తగువు మాకు వదిలేసి పెండ్లాల వెంట నడిచిపోయింది. మేం కెమెరా తిప్పేసరికి మిగిలింది ధూళి.

"గొర్రెలేవి బావా?" అన్నాడు గంగన్న, చొక్కా వదలకుండానే.

"ఇండ్లకు పోయినాయి."

"మరి మనమేం చేస్తాండాం?"

"ఏమో! ఈయప్ప వదలొద్దన్నె గదా!"

మాట ప్రకారం కథ తిరిగి ఇచ్చేశాను. అయ్యవారు టీ తాగించి, "దెబ్బలు మాత్రం శానా బాగ తీసినావు," అని ఓదార్చారు. అంతకన్నా పెద్ద దెబ్బ నా సినిమాల్లో ఎవరికీ తగల్లేదు.

ఆయన ఇప్పుడు లేరు. ముద్దనూరు దారిలో సాయంత్రం మంద ఎదురైతే కారాపించి, చివరి గొర్రె మలుపు తిరిగేదాకా చూస్తాను. ఆ షాట్ ఇప్పటికీ నా దగ్గర లేదు.

గండి ఆంజనేయస్వామి సన్నిధిలో ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో గొర్రెకు తలంటను. మనుషులు చొక్కాలు పట్టుకుంటే ముందు విడదీస్తాను, కెమెరా సంగతి ఆ తర్వాతే. స్వామి నా సినిమాలు చూసి ఉండడు కనుక, నమ్మాడనే అనుకుంటున్నాను.