నిండని ట్యాంకు

మా చిన్నప్పుడు... ఇంటికి చుట్టాలొస్తే తాతయ్య ముందు కాఫీ తాగనిచ్చేవాడు కాదు. నేరుగా దొడ్లోకి తీసుకుపోయి సెప్టిక్ ట్యాంకు చూపించేవాడు!

నవ్వకండి... గురజాల వైపు పల్లెటూళ్ళో, ఎనభైల్లో, లెట్రిన్ ఉన్న ఇల్లంటే మాటలా? మా బజారు మొత్తానికి అదొక్కటే. పైన కప్పిన నాపరాయి మీద కాలితో టపటపా తన్ని మరీ చెప్పేవాడు.

"పేటలో మా బావమరిది ట్యాంకు రెండేళ్ళకే పొంగి ఇల్లంతా కంపంట. మనది మూడేళ్ళయింది... ఉలుకూ లేదు, పలుకూ లేదు!"

"అందరికీ చెప్పమాకండి, దిష్టి తగుల్తది" అనేది నాయనమ్మ. గుమ్మడికాయ కట్టడం ఒక్కటే తక్కువ.

ఆ ట్యాంకు తవ్వింది బావులు తవ్వేవాళ్ళే. మా నేల సంగతి తెలిసిందే కదా... గజం లోతు పోతే నాపరాయి. తోటాలు పెట్టి పేల్చారు. గోడలు కట్టాక మేస్త్రీ అడుగున కాంక్రీటు వేస్తానంటే తాతయ్య ఇంతెత్తున లేచాడట. "కిందంతా రాయేగా! రాతి మీద సిమెంటు దేనికంట?" ఆ మాట ఊళ్ళో ఎవరికీ తప్పనిపించలేదు. రాయి కంటే గట్టిది ఏముంటుంది?

మా బావి నీళ్ళు ఉప్పన. పప్పు ఉడికేది కాదు. అందుకని తాగే నీళ్ళకి అందరం మాకు వరసకి పెద్దమ్మయ్యే రత్తమ్మ వాళ్ళ బావికి పోయేవాళ్ళం. మా దొడ్డి గోడకి అవతల, కాస్త పల్లంలో ఉండేది. కొబ్బరి నీళ్ళలా తియ్యగా ఉండేవి ఆ నీళ్ళు...

ఆ ఏడు పెద్దమ్మ కూతురు పుష్పక్క తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయించారు, తగ్గలేదు. వాంతులు ఎక్కువై మనిషి మగతలోకి జారిపోతుంటే పేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపుతో ఉండగా కామెర్లంటే చానా ప్రమాదమనీ, పెద్దప్రాణం దక్కితే అదృష్టమనీ డాక్టరు చెప్పాడట. మురికి వల్ల వస్తుంది, ఇల్లూ వాకిలీ శుభ్రంగా పెట్టుకోండి అని కూడా అన్నాడట.

అది విని మా అమ్మ హడలిపోయింది. ఆ సాయంత్రమే ఫినాయిలు సీసా తెచ్చి మొత్తం మా లెట్రిన్లో పోసి, బిందెల కొద్దీ నీళ్ళు కొట్టింది.

మర్నాడు కాక ఆ మర్నాడు పొద్దున... ఆసుపత్రికి అన్నం వండుకుపోదామని ఇంటికొచ్చిన పెద్దమ్మ బావిలో చేద వేసింది. మేమూ బిందెలతో అక్కడే ఉన్నాం. నీళ్ళు పైకొచ్చాయి... గుప్పున వాసన. ఫినాయిలు వాసన!

పెద్దమ్మ చేద వదిలేసి బజార్లోకి ఉరికింది.

"ఎవరే నా బావిలో ఫినాయిలు పోసింది? నా బిడ్డ చావుబతుకుల్లో ఉంటే ఇదేం పొయ్యేకాలంరా మీకు!"

మన పల్నాడు కోపాలు తెలుసుగా... పెద్దమ్మ వాళ్ళకి ఇంకో ఇంటివాళ్ళతో పొలం గట్టు తగాదా ఒకటి నడుస్తోంది. ఆ ఇంటివాళ్ళ పనే అన్నారెవరో. చూస్తుండగానే నలుగురు కర్రలు తీశారు. నేను భయంతో అమ్మ చీర పట్టుకున్నాను... అమ్మ నన్ను విడిపించుకుని పెద్దమ్మ ముందుకెళ్ళింది.

"అక్కా... ఎవరూ పొయ్యలా. నేనే పోశా."

"ఏందే నువ్వనేది?"

"బావిలో కాదక్కా... మా లెట్రిన్లో పోశా."

ఎత్తిన కర్రలు కిందికి దిగాయి. ఆ మాటకి అర్థం ఏమిటో ఒక్కొక్కరికీ ఎక్కుతుంటే ఆ మొహాలు చూడాలి... నాయనమ్మ గోడ పట్టుకుని అక్కడే వాంతి చేసుకుంది.

ట్యాంకు మీది రాళ్ళు లేపారు. లోపల మూడేళ్ళ నీళ్ళు లేవు. ఒక మూల రాతి పొరకీ పొరకీ మధ్య నోరు తెరుచుకున్న సందు... తాతయ్య కడవతో నీళ్ళు కుమ్మరిస్తే ఆ సందు గటగటా తాగేసింది. మా ట్యాంకు ఎందుకు నిండలేదో అప్పుడు తెలిసింది. అదంతా పెద్దమ్మ బావిలోకి... అక్కణ్ణించి మా మంచినీళ్ళ గోలేల్లోకి, మా చెంబుల్లోకి, దేవుడి దగ్గర పెట్టే గ్లాసులోకి. మూడేళ్ళు!

పుష్పక్క దక్కింది. పాప దక్కలేదు.

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. పుష్పక్క మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మే అంది... తిట్టలేదు, మెల్లగా అంది. "మీ మనవరాలూ ఆ నీళ్ళే తాగింది మామయ్యా. పోయింది మాత్రం నా మనవరాలు."

అంత పెద్దమనిషి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. తాతయ్య ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత ఆ ట్యాంకుకి అడుగూ గోడలూ గట్టిగా కాంక్రీటు చేయించి, నిండినా నిండకపోయినా రెండు మూడేళ్ళకోసారి తెరిపించి శుభ్రం చేయించేవాడు. పెద్దమ్మ బావి మాత్రం పూడ్చేశారు.

ఇప్పుడు మా బజార్లో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, పక్కనే ఇంటింటికీ బోరు... రెంటికీ మధ్య ఎడమెంతని అడిగేవాడు లేడు. తాగే నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయిగా, ఇంకేం భయం! అందరం ఒకే బావి నీళ్ళు తాగిన రోజుల్లో ఒక ఇంట్లో జబ్బు చేస్తే బజారంతా ఉలిక్కిపడేది. ఇప్పుడు పక్కింట్లో ఎవరికి బాగోలేదో కూడా తెలియదు...

మీ ఇంటి ట్యాంకు మూత తీసి ఎన్నాళ్ళయింది? దాని అడుగున ఏముందో మీ పెద్దవాళ్ళని ఎప్పుడైనా అడిగారా? అడిగి, కింద కామెంట్లలో రాయండి... ఆ పాప ఉండి ఉంటే ఈపాటికి తనూ ఇద్దరు పిల్లల తల్లి అయి ఉండేది.