గాలివాన తర్వాత నా ఫ్లాస్కులు

తుఫాను వెళ్ళిన మర్నాడు ల్యాబ్ తలుపు తీయగానే కుళ్ళు వాసన గుప్పుమంది.

కరెంటు పోయి ఫ్లాస్కులు ఊపే మిషన్ ఆగిపోయింది. లోపలి బాక్టీరియాకు గాలి అందలేదు. ఫ్రీజర్లో దాచినవీ కరిగి పాడయ్యాయి. బయోడీజిల్ తీశాక అడుగున నల్లటి జిడ్డు మిగులుతుంది, ముడి గ్లిజరిన్. దాన్ని తిని ప్లాస్టిక్‌లాంటి పదార్థం తయారుచేసే బాక్టీరియా నాది. శుభ్రమైన గ్లిజరిన్ అయితే ఇష్టంగా తింటుంది. ఈ మురికిని అలవాటు చేయడానికే నా పీహెచ్‌డీ సగం గడిచిపోయింది. మళ్ళీ మొదలుపెడదామంటే వీసా గడువు లేదు. గైడ్‌కు చెప్తే ఐర్లండ్ వాళ్ళు పర్లేదనడానికి వాడే మాట, "గ్రాండ్, గ్రాండ్" అంటాడు. ఏం గ్రాండో నా బొంద.

ఒక్కటే ఆశ. మా ల్యాబ్‌లో సీనియర్ వరంగల్ అక్క లెటర్‌కెన్నీ ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు, గైడ్ సరేనంటే, ఆమెకో ట్యూబు, దానికి మేతగా ఓ సీసా ముడి గ్లిజరిన్ ఇచ్చాను. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు ఇచ్చి మర్చిపోయాను. ఫోన్ చేశాను. తీయలేదు. పారేసిందేమో. ఉంచినా, శుభ్రమైన గ్లిజరిన్ పోసి దాని అలవాటు చెడగొట్టిందేమో. మళ్ళీ మళ్ళీ చేశాను.

మధ్యాహ్నానికి తీసింది. "ఏమైందే, గన్ని కాల్స్ చేసినవ్?"

"అక్కా, నేనిచ్చిన ట్యూబు ఉందా? నావన్నీ చచ్చిపోయాయి."

అవతల ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైంది.

"ఫ్రిజ్ తీసి చూసిన. మంచిగనే ఉన్నది."

"దానికేం పోస్తున్నావు?"

"నువ్విచ్చిన గలీజే. నాకేం పనికొస్తదే అది? నువ్వు దానికోసం ఎంత ఏడ్చినవో చూసిన, పారెయ్య బుద్ధి కాలే."

నేను ల్యాబ్‌లోనే కింద కూలబడి ఏడ్చేశాను.

ఆ శనివారం అక్కే బస్సులో తెచ్చింది. ముడి గ్లిజరిన్‌లో కలిపాం. పెరుగుతుందో లేదోనని ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్న చూస్తే ఫ్లాస్కు పాలలా మబ్బుపట్టింది, అంటే బాక్టీరియా పెరిగింది. అయినా మళ్ళీ కరెంటు పోతే ఎలాగన్న భయం వదల్లేదు. అందులోంచి కొత్త ట్యూబు నింపి, బస్టాపులో అక్క చేతిలో పెట్టాను.

"ఇగ విడువవే, బస్సొచ్చింది," అంది అక్క. ట్యూబు ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది.