తెల్లకోటు వేసుకున్న పూట

ఆ రోజుల్లోనే ఈ ముచ్చట రాయవలసింది. రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. ముదిగుబ్బ పక్క గొర్రెల వెంట తిరిగే పిల్లకు బడి ఎక్కడిది? యాభై దాటాక కోడలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చదువు రాని ఆ పిల్లే ఇరవై ఏళ్లప్పుడు ధర్మవరంలో జనానికి మందులిచ్చింది (భయపడకండి, ఇప్పుడు ఇవ్వడం లేదు).

మందుల షాపులో నేను కసువు చిమ్మే మనిషిని. చట్టప్రకారం మందులివ్వవలసిన ఫార్మసిస్టు మేడమ్ హిందూపురంలో కాపురం చేసుకుంటూ ఉండేది. ఆమె సర్టిఫికెట్టు మాత్రం మా గోడకు వేలాడుతూ రోజూ డ్యూటీ చేసేది. ఓనరును అన్నా అని పిలిచేదాన్ని. అన్న టీకి పోయినప్పుడు ఎవరైనా ఖాళీ మాత్రల అట్ట తెస్తే, రంగు చూసి అలాంటిదే తీసి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. హిందూపురం నుంచి బయల్దేరిన మేడమ్ బస్సేమో పెనుకొండ దగ్గర చెడిపోయింది. అన్న నన్ను ఎగాదిగా చూసి, మేడమ్ కోటు దులిపి తొడిగాడు.

"ఈ పూటకు నువ్వే మేడమ్‌వి."

"సంతకం పెట్టమంటే ఏం చేసేదన్నా?"

"చెయ్యి ఈడ పెట్టు" అని కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టేశాడు. (మందుల షాపులో కట్టుగుడ్డకు కరువా!)

ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు చూశాడు, కోటు చూశాడు. మొహం చూసినట్టు గుర్తు లేదు. చెయ్యి కాలింది, సంతకం పెట్టలేనని నేనంటే, "అయ్యో, మందు పూసుకోండి మేడమ్" అన్నాడు. అంతలో ఒక అవ్వ గులాబిరంగు అట్టతో వచ్చి, "బీపీ మాత్రలియ్యి పాపా" అంది. ఎడమచేత్తోనే గులాబిరంగు అట్ట తీసి దర్జాగా ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు మురిసిపోయి, "ఫార్మసిస్టు ఉంటే షాపు ఇలా ఉంటుంది" అని, అంతా సక్రమమని రాసుకుని వెళ్లాడు.

అవ్వ మాత్రం మెట్టు దిగలేదు. ఒక మాత్ర అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూస్తోంది.

"ఏమే పాపా, నా మాత్ర కోలగా ఉంటాది. ఇది గుండ్రంగా ఉండాదే?"

అన్న వచ్చి చూసి నాలుక కరుచుకున్నాడు. అది షుగరు మాత్ర. "కంపెనీవోళ్లు దీనికీ అదే రంగేసినారులే అవ్వా" అంటూ మార్చి ఇచ్చాడు.

"నాకేం తెలుసబ్బా, తెల్లకోటు చూసి అట్నే మింగేదాన్ని గదా!"

ఆ పూట మా షాపులో మందును తనిఖీ చేసింది ఆ అవ్వ ఒక్కతే. చెయ్యి కాలని ఆ కట్టు మేడమ్ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే అవ్వ అరచెయ్యి గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్నే కోటు ఉతికి అన్న చేతికిచ్చేసి, పట్టుచీరల మగ్గం దగ్గర దారాలకు రంగులు వేరుచేసే పనికి చేరాను. అక్కడ నేను పొరబడితే చెడేది చీర ఒక్కటే.