చెవి గాటు గొంగడి

కొత్త గొంగడికి ఒక వాసన ఉంటుంది. చింతగింజల గంజి, గొర్రె ఉన్ని, ఎండిన గడ్డి కలిసిన వాసన. ముడిమ్యాలలో పెంటమ్మ ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు ఆ వాసనకు ఒక అడుగు నెమ్మదించేవాళ్లు.

పెంటమ్మ ఉన్ని వడికేది. తమ్ముడు బీరయ్య మగ్గం మీద నేసేవాడు. నేత అయ్యాక గొంగడిని ఆమె ఒడిలోకి తీసుకుని, ఒక మూలన తెల్ల ఉన్నిపోగుతో చెవి కుట్టేది. కొసన రెండు గాట్లున్న గొర్రె చెవి. వాళ్ల మందలో ప్రతి గొర్రెపిల్లకూ పుట్టిన కొన్నాళ్లకే ఆ గాట్లు పెట్టేవాళ్లు, ఏ మందలో కలిసిపోయినా తమదని గుర్తుపట్టడానికి. పెనిమిటి పోయాడు, కరువులో మంద సగం పోయింది, ఆ చెవి మాత్రం ఆమె చేతిలో మిగిలింది. నల్లటి ఉన్ని మీద అది తెల్లవారినా ఇంకా పోని నెలవంకలా ఉండేది. చేవెళ్ల అంగడిలో జనం "చెవి గాటుది ఉన్నదా?" అని అడిగి మరీ కొనేవాళ్లు.

పంతొమ్మిది వందల నలభైలలో ఒక ఏడాది, తొలకరి పడిన వారం, అంగడిలో ఒక రైతు తడిసిన గొంగడిని ఆమె ముందు పడేశాడు.

"ఇదేం గొంగడి పెంటమ్మా? ఒక్క వానకే జల్లెడైంది. నీ చెవి చూసే కొన్న గద!"

ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. ఉన్ని కాదు, పేలికల నూలు. మూలన మాత్రం తన చెవే.

అది పట్నం షావుకారు ఒకడు చేయిస్తున్న పని. కొన్నాళ్లకు మొయినాబాద్ మిషన్ బడిలో చదువు చెప్పే సాముయేలు పంతులు పట్నం పోయి, ఇంకో కబురు మోసుకొచ్చాడు.

"అక్కా, ఆ చెవి తనదేనని షావుకారు సర్కారోళ్ల మార్కాల దఫ్తర్ల రాయించుకుంటున్నడు. రాసిచ్చిండ్రంటే ఇగ నువ్వు కుట్టొద్దు."

"నా గొర్ల చెవి నేను కుట్టొద్దా?"

"అందుకే మనం గుడ అర్జీ పెడదాం. ఎన్నో ఏండ్ల సంది నువ్వే కుడుతున్నవని చూపియ్యాలె. నువ్వు అమ్మిన పాత గొంగళ్లు కావాలె."

అది ముసురు పట్టే కాలం. గొంగడి అక్కరకొచ్చేదే అప్పుడు. అయినా పెంటమ్మ గడపలో నిలబడి సంగతి చెప్పగానే మొయినాబాద్‌లో, అజీజ్‌నగర్‌లో మనుషులు భుజాల మీది గొంగళ్లు తీసి ఇచ్చారు. "మరి వానల ఎట్ల?" అంటే, "గోనెసంచి కప్పుకుంటం తియ్యి" అన్నారు. ఆ ఇంటింటి వెచ్చదనం ఆమె చేతుల మీద మూటగా పెరిగింది.

కనకమామిడిలో బర్లు కాసే మారయ్య ఒక్కడే ఇవ్వలేదు.

"ఇయ్య. గొంగడి కావాల్నంటే నన్ను గుడ తీస్కపో."

"నిన్ను తీస్కపోతే బస్సోడు కిరాయి అడుగుతడు మామా."

"అడిగితే నువ్వే ఇయ్యి. నా పెండ్లాం పోయినంక నన్ను ఇడువనిది ఇదొక్కటే."

చివరికి అతణ్ణి గొంగడితో సహా తీసుకుపోదామనుకున్నారు.

బయలుదేరే ముందు రోజు పెంటమ్మ మూట విప్పి చూసింది. చెవులన్నీ పొగచూరి, పోగులు లేచి ఉన్నాయి. గొర్రె చెవిన గాటు పూడుకుపోతే మళ్లీ పెట్టడం వాళ్ల ఇంటి అలవాటు. ఆమె పాత పోగులు లాగేసి, ప్రతి గొంగడికీ కొత్త తెల్ల ఉన్నితో చెవి కుట్టింది.

"గొంగళ్లు పెండ్లికి పోతున్నయా అక్కా?" అని బీరయ్య నవ్వాడు.

"సర్కారు ముందటికి పోతున్నయి. మాసిన మొఖంతోని పోతయా?" అందామె.

పట్నం దఫ్తర్‌లో షావుకారు మనిషి మొదటి గొంగడి మూల చూసి పెద్దగా నవ్వాడు. "సాబ్, గొంగడి పాతదే. కుట్టు మాత్రం నిన్నటిది!"

అధికారి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నిటి మీదా పాలలా మెరిసే చెవులు. సాముయేలు మెల్లగా అడిగాడు, "ఎప్పుడు కుట్టినవ్ అక్కా?"

"నిన్ననే. మాసినయని."

పంతులు తల పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు, తన ఏండ్లన్నీ తానే పీకి పారేసిందని.

"నువ్వు మళ్లీ కుట్టనిది ఒక్కటన్న ఉన్నదా అని అడుగుతున్నడు సాబ్," అని అధికారి ఉర్దూ మాటను తెలుగులో చెప్పాడు సాముయేలు.

గడప పక్కన గొంగడి కప్పుకుని గొంతుక్కూర్చున్న మారయ్య లేచాడు. "అందుకే గద ఇయ్యనన్న," అన్నాడు, అంతా ముందే తెలిసినవాడిలా. దగ్గరికొచ్చి మూల తిప్పి చూపించాడు.

ఆ చెవి తెల్లగా లేదు. పొగరంగు. ఎన్నో వానలు, ఎన్నో ఎండలు తాగి, పోగు గొంగడిలో కలిసిపోయింది. అధికారి గోటితో లేపబోయాడు. లేవలేదు. చాలాసేపు దాని మీద వేలు ఉంచి, మార్కా ఈమెదే అన్నాడు. తరవాత ఇంకో మాట అన్నాడు. పంతులు దాన్ని తెలుగులో చెప్పకుండా మారయ్య గొంగడి వైపు చూశాడు.

"ఏమంటుండు?" అన్నాడు మారయ్య.

"ఈ గొంగడి దఫ్తర్లనే ఉండాలెనట. సాక్ష్యం కింద."

మారయ్య భుజాల మీంచి దాన్ని నెమ్మదిగా తీశాడు. లోపల చిరిగిన బనీను. గొంగడిని చెవి పైకి కనబడేట్టు మడతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"జర పైలం సాబ్. ఎలుకలు కొట్టకుండ చూడు."

బయట సన్నటి జల్లు. పెంటమ్మ మూటలోంచి ఒకటి తీసి అతని భుజాల మీద కప్పింది.

"అజీజ్‌నగరోళ్లది. ఇల్లు చేరేదాక కప్పుకో."

"గరుకున్నది," అని గొణిగాడు. అయినా చెవి ఉన్న మూలను గుప్పిట్లో పట్టుకునే నడిచాడు.

పెంటమ్మ ప్రతి గొంగడినీ తన చేతులతో తిరిగి ఇచ్చి, ప్రతి గడపలో దండం పెట్టింది. ఇక ఎప్పుడూ పాత చెవిని మళ్లీ కుట్టలేదు. ఎవరైనా బాగు చేయమని తెస్తే ఒకసారి తడిమి, "ఉండనీ, ఇట్లనే మంచిగున్నది" అనేది.

ఆ తరవాత మగ్గం దిగిన మొదటి గొంగడిని నెత్తిన పెట్టుకుని కనకమామిడి పోయింది. మారయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"చెవి కుట్టలేదేంది?"

"నీ ముందట కుడదామని," అంటూ ఆమె అతని అరుగు మీద కూర్చుని సూదిలోకి పోగు ఎక్కించింది.

"ఇది గుడ సర్కారుకు ఇయ్యాల్నా?"

"వద్దు మామా. ఇది నీతోనే ఉంటది."

మారయ్య ఆమె పక్కన కూర్చుని, కుడుతున్నంతసేపూ గొంగడి రెండో కొసను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.