బాబా మియా రష్యా కెమెరా

నకిరేకల్ బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణానికీ ఎరువుల కొట్టుకూ నడుమ ఇరుక్కున్న చిన్న డబ్బాలో బాబా మియా గడియారాలు బాగు చేసేవాడు. ఎంత మొండికేసిన గడియారమైనా ఆయన చేతిలో పడితే నడవాల్సిందే. ఈ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే బాగా బాబా మియాకు తెలుసు. "మిషిన్ అన్నంక మనిషి చేసిందే గద, మనిషికి సమజ్ కాకుంట పోతదా?" అనేవాడు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోవడంతో ఆ గర్వం ఏటేటా కొంచెం బలిసింది కూడా.

ఇంటికి వెళ్తే మాత్రం ఆ గర్వాన్ని చూసేవాళ్లు లేరు. భార్య హసీనా కామెర్లతో పోయి ఐదేళ్లయింది. పిల్లల్లేరు. ఒక్కడికే చాయ్ కాచుకోవడం, ఒక్క కంచమే కడుక్కోవడం ఆయనకు మెల్లగా అలవాటైంది. అలవాటు కానిది ఒక్కటే. హసీనా ముఖం జారిపోతోంది. గొంతు గుర్తుంది. నడక గుర్తుంది. రొట్టె కాలుస్తూ వేళ్లు చురుక్కుమంటే చెవి తమ్మె పట్టుకోవడం గుర్తుంది. ముఖం మాత్రం, ఒకప్పుడు తలుచుకోగానే వచ్చేది, ఇప్పుడు బతిమాలితే గాని రావడం లేదు. వచ్చినా సగమే వచ్చి పోతోంది. ఈ బాధ ఎవరికి చెప్పుకుంటాడు? చేతి గడియారం బాగు చేయించుకోను వచ్చినవాడికి చెప్పేది కాదు కదా.

ఆమెది ఒక్క ఫోటో అయినా లేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి దశరథం స్టూడియోకు వెళ్లారు. దశరథం మంచివాడే. అలవాటు కొద్దీ "జర గదుమ పైకెత్తమ్మా" అంటూ వేలితో ఆమె గడ్డం పట్టుకోబోయాడు. హసీనా చటుక్కున లేచి బయటికి నడిచింది. "ఇంకోసారి పోదాం తియ్" అన్నాడు బాబా మియా. ఆ ఇంకోసారి పన్నెండేళ్లు వాయిదా పడి, చివరికి లేకుండానే పోయింది.

ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో, ఆ యేడు రంజాన్ పండుగకు ఆయన హసీనా అక్క ఇక్బాల్ బీ ఇంటికి వెళ్లాడు. బస్సులో గంట దూరంలో పల్లె. భార్యతో పాటు తనూ ఆమెను ఆపా, అంటే అక్కా అనే పిలిచేవాడు. ఆమె కూడా భర్త పోయిన మనిషి, ఇంట్లోనే గాజులు అమ్ముకుంటూ ఒక్కతే ఉంటుంది. వాకిట్లో పొయ్యి ఊదుతూ, పొగకు కళ్లు చికిలించి, "వచ్చినవా మియా" అని తల తిప్పింది. ఆ తిప్పడంలో హసీనా కనిపించింది. అచ్చంగా హసీనానే. పొగ తొలగగానే మళ్లీ ఇక్బాల్ బీ అయిపోయింది. బాబా మియా ఆ రోజు సేమ్యా ఎట్లా తిన్నాడో ఆయనకే తెలియదు.

ఆ పై నెలలో ఒక వారపత్రిక వెనక అట్ట మీద ప్రకటన చూశాడు. "రష్యా కెమెరా. పెద్ద ఫోటోగ్రాఫర్లు వాడే రకం, సామాన్యులకు అందే ధరలో. కంటికి ఎట్లా కనిపిస్తే ఫోటోలో అట్లాగే వస్తుంది. ముందుగా పైకం పంపనక్కర్లేదు, వి.పి.పి. ద్వారా పంపబడును." అంటే పార్శిల్ ఇంటికొచ్చాక పోస్ట్‌మన్‌కే కట్టి విడిపించుకోవచ్చు. కంటికి ఎట్లా కనిపిస్తే అట్లాగే అన్న మాటను బాబా మియా భూతద్దం పెట్టుకొని మరీ చదివాడు. ఆ పొగలో కనిపించిన ముఖాన్ని పట్టుకోవాలి. ఆయనకు కావలసింది అంతే.

దశరథాన్ని వెంట తీసుకెళ్దామంటే ఇక్బాల్ బీ పరాయి మగవాడి ముందు కూర్చోదు. హైదరాబాద్ వెళ్లి కొందామంటే దుకాణంవాడు ఎందుకు, ఎవరికి అని అడుగుతాడు. పత్రికలో కూపన్ ఏమీ అడగలేదు. పేరు, ఊరు, జిల్లా, అంతే. కత్తిరించి, నింపి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు.

నలభై రోజులు పట్టింది. పోస్ట్‌మన్ గాలయ్యకు విషయం తెలిశాక ఇక ఊరుకుంటాడా? రోజూ డబ్బా ముందు సైకిల్ ఆపేవాడు. ఢిల్లీ నుంచి వచ్చే ఇట్లాంటి పార్శిళ్లలో ఇటుకలు దొరికిన కథలు ఆయన దగ్గర బోలెడు.

"మియా, ఢిల్లీల నీకోసమని మంచి ఇటుక రాయి ఏరుతున్నరట. జర ఓపిక వట్టు."

"ఇటుకైతె నీ నెత్తి మీదనే పెడ్త తియ్."

"ఇంతకు గీ వయసుల కెమెరా ఎందుకే నీకు? సీన్మ తీస్తవా?"

"ఊకెనే," అనేవాడు బాబా మియా, గడియారం మీదికి వంగిపోతూ.

చివరికి గుడ్డతో కుట్టి, లక్కముద్రలు వేసిన పార్శిల్ వచ్చింది. ఇటుక కాదు, కెమెరానే. గాలయ్యకు కొంచెం నిరాశ కలిగింది కూడా. ఇంత బరువు, నల్లటి తోలు తొడుగు. దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఒక సగం రష్యా భాష, ఒక సగం ఇంగ్లీషు. రెండూ ఆయనకు రావు. రానక్కర్లేదనుకున్నాడు. మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. లోపల చిన్న అద్దం టక్కున లేచి పడుతోంది. మంచి మిషిన్ అని తేల్చేశాడు.

ఫిల్ము రీలు కొనడానికి దశరథం దగ్గరికే వెళ్లక తప్పలేదు.

"ఎక్కియ్యాల్నా మియా?" అన్నాడు దశరథం.

"సన్న సన్న పండ్ల చక్రాలు ఎక్కియ్యవట్టి ఇరవై ఏండ్లాయె. గీ రీలు ఎక్కియ్యరాదా నాకు?"

"నీ ఇష్టం."

ఆ శుక్రవారం నమాజు ముగించుకొని, రీలు తానే ఎక్కించుకొని, సంచీలో హసీనా పచ్చ చీర పెట్టుకొని బస్సెక్కాడు. నలుపు తెలుపు ఫోటోలో పచ్చ కనిపించదని ఆయనకు తెలుసు. అయినా పెట్టుకున్నాడు.

ఊళ్లో ఎవరేమనుకుంటారోనని ఇక్బాల్ బీ పక్కింటి అండాలును పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. అండాలు తన మేకను కూడా వెంటబెట్టుకొని వచ్చింది.

"ఆపా, గీ చీర కట్టుకో. ఫోటోల మంచిగ కొడ్తది," అన్నాడు బాబా మియా, ఆమె వైపు చూడకుండా.

ఆ చీర ఎవరిదో ఇక్బాల్ బీకి తెలుసు. చెల్లెలికి కొనిపెట్టింది ఆమే. లోపలికి వెళ్లి కట్టుకొని వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కొని గోడ పక్కన కూర్చుంది.

"కండ్లద్దాలు తియ్యి ఆపా."

"తీస్తె నువ్వు నాకు కనవడవు."

"నువ్వు నాకు కనవడ్తె సాలు."

కెమెరాకు కన్ను ఆనించాడు. అంతా మసకగా ఉంది. ముందున్న చక్రాన్ని మెల్లగా తిప్పాడు. మసకలోంచి ముఖం ఏర్పడుతోంది. ఇంకా కళ్లు, ముక్కు తేలలేదు, ఆకారం మాత్రం తెలుస్తోంది. అక్కడ ఉంది హసీనా! కొంగు కింద నుదురు, ఆ మెడ వంపు. చక్రం ఇంకొంచెం తిప్పితే గదుమ మీద మచ్చతో, నుదుటి గీతలతో ఇక్బాల్ బీ తేటగా నిలబడింది. గబుక్కున వెనక్కి తిప్పాడు. హసీనా మళ్లీ వచ్చింది. టక్కున మీట నొక్కాడు.

ఇక ఆగలేదు. మసకలోనే తీశాడు. పక్కకు తిరగమని, తల వంచమని, నవ్వమని తీస్తూనే ఉన్నాడు. ముప్పై ఆరు ఫోటోల రీలు. లెక్క చూపే ముల్లు ముప్పై ఆరు దాటింది. రీలు తిప్పే మీట ఇంకా హాయిగా తిరుగుతోంది. ముప్పై ఎనిమిది. నలభై.

"బర్కత్!" అన్నాడు బాబా మియా. "ఆపా, రీలు ఒడుస్తలేదు! అల్లా బర్కత్ ఇచ్చిండు!"

"బర్కతైతె నాది గూడ దియ్యి మరి," అని అండాలు లేచి కొంగు సర్దుకుంది. ఆమెది, మేకది, ఇద్దరిదీ కలిపి మళ్లీ ఒకటి. నలభై ఐదు దాకా పోయింది. గడియారాలు చేసేవాడికి ఈపాటికి అనుమానం రావలసింది. సంతోషంలో ఉన్న మనిషికి అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

మర్నాడు దశరథం చీకటి గదిలోంచి తడి రీలు పట్టుకొని బయటికొచ్చాడు. మొదట తోక కొస ఒక్కటి నల్లగా మాడింది, మిగతాదంతా గాజులా ఖాళీ.

"నీ రీలు కదలనే లేదు మియా. తోక చక్రంల చిక్కలె. అన్నిసార్లూ ఒక్క జాగల్నే కొట్టినవ్."

పళ్లు పట్టుకోకపోతే చక్రం ఎంత తిరిగినా ముల్లు కదలదని రోజూ నలుగురికి చెప్పే మనిషి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దశరథం నవ్వి ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాడు. దశరథం నవ్వలేదు. ఇంకో రీలు తీసి తానే ఎక్కించి, పక్కనున్న పిడి చూపించాడు. "మీట తిప్పినప్పుడల్ల గిది తిరగాలె. తిరిగితె ఫిల్ము నడుస్తున్నట్టు."

రెండు వారాలకు మళ్లీ పల్లెకు వెళ్లి, జరిగింది చెప్పాడు. అండాలు నోరు పెద్దది చేసింది. "అయితే నా మేక ఫోటో ఏదీ? బర్కత్ బర్కత్ అని ఊరంత వినవడేటట్టు ఒర్లితివి గద!" ఇక్బాల్ బీ మాత్రం ఆయన సంచీలోంచి పచ్చ చీర తీస్తుంటే చేత్తో ఆపింది.

"మియా, మొన్న నేను హసీనా లెక్క కూసున్న. నాకు ఎరుకనే. నీ పానం సల్లవడ్తదని కూసున్న. గని నాకు యాభై ఏండ్లొచ్చినయ్. ఇప్పటిదాంక నన్నొక్కరు ఫోటో దిగుమనలేదు. దియ్యదలిస్తె ఈసారి నాది దియ్యి."

ముఖం కడుక్కొని, తన నేత చీరలో, కళ్లద్దాలు తుడిచి పెట్టుకొని వచ్చి కూర్చుంది. బాబా మియా చక్రం తిప్పుతూ మసక దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మీట మీద వేలుంది. ఒక్కటంటే ఒక్కటి తీసుకోవచ్చు, ఎవరికీ తెలియదు.

"సాఫ్‌గ దియ్యి మియా," అంది ఇక్బాల్ బీ, సూటిగా చూస్తూ.

నొక్కలేకపోయాడు. ఆ మాట అన్నాక నొక్కితే ఆమెను మోసం చేసినట్టే అనిపించింది. తేటపడేదాకా తిప్పి తీశాడు. పక్కన పిడి బుద్ధిగా తిరిగింది. ఆమెవి తీశాడు, అండాలువి తీశాడు, మేకకు రెండు ఎక్కువే తీశాడు.

ఫోటోలు ఎంత బాగా వచ్చాయంటే దశరథం కూడా మెచ్చుకున్నాడు. అన్నింట్లో మంచిదాన్ని పెద్దది చేయించి ఇక్బాల్ బీకి పంపాడు బాబా మియా. దాని చిన్న ప్రతి ఒకటి డబ్బాలో బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. గడియారం విప్పి సామాను దాని మీదే పరుచుకునేవాడు. రోజూ పని చేసినంతసేపూ ఆ ముఖం ఆయన కళ్ల కిందే ఉండేది. ఏమైనా తోడే కదా అనుకునేవాడు.

చలికాలంలో ఒకరోజు పల్లెకు వెళ్లాడు. ఇక్బాల్ బీ ఫోటోకు పటం కట్టించి గోడకు కొట్టుకుంది. వచ్చిపోయేవాళ్లకు చూపిస్తోందట. చాయ్ తాగుతూ బాబా మియా ఆ పటం వైపు చాలాసేపు తృప్తిగా చూశాడు.

"హసీనాకు గూడ గిట్లనే గదుమ మీద మచ్చ ఉండె గద ఆపా. అక్కచెల్లెండ్లకు ఇద్దరికి ఒక్క జాగల్నే."

ఇక్బాల్ బీ గాజుల మూట కట్టడం ఆపింది.

"హసీనాకు మచ్చ యాడిది మియా?"

"ఉండె ఆపా. నాకు మంచిగ యాదికున్నది."

"సంకలెత్తుకొని పెంచిన దాన్ని. దానికి మచ్చ లేకుండె. గది నాది," అంది మెల్లగా.

కాదని వాదించబోయాడు బాబా మియా. ఒక్కసారి చూసుకొని చెబుదామని కళ్లు మూసుకున్నాడు. ఈ మధ్య ఎన్నడూ లేనిది, బతిమాలకుండానే హసీనా ముఖం పూర్తిగా వచ్చి నిలబడింది. గదుమ మీద మచ్చతో, కళ్లద్దాలతో.