తెరబాబాయ్ తాడుకు గ్రీజు రాసిన రోజు

నాటకాల హాల్లో తెర లాగే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ తెరబాబాయ్ అనేవాళ్ళు. మనిషి సన్నగా, గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. తెర ఆయనకంటే బరువు. దాన్ని లేపడానికి లైట్లాయన కూడా ఒక చెయ్యి వేసేవాడు. లేచాక తాడును గుంజకు చుట్టేస్తే, దిగేదాకా అక్కడే ఉండేది.

చిక్కల్లా వేదిక మధ్యన, తెరకు ముందువైపు పైనున్న కప్పీతోనే. తాడు కదిలినప్పుడల్లా అది కీచుమనేది. రాణి కన్నుమూస్తుంది, తెర దిగుతుంది, కీచుమంటుంది, జనం ఘొల్లున నవ్వుతారు. చచ్చిన రాణి కూడా పొట్ట పట్టుకునేది. డైరెక్టరు తెరబాబాయ్ వంక చూసే చూపులు ఆయన ఇంటిదాకా వెంట వచ్చేవి.

ఇంట్లో ఆయన భార్య బడిలో ఫిజిక్సు టీచరు. ఒక సాయంత్రం ఆమె పరీక్ష పేపరు రాసుకుంటూ పైకి చదివింది: "కప్పీకి, తాడుకు మధ్య ఘర్షణ లేదనుకొనుము."

తెరబాబాయ్ తింటున్న ముద్ద ఆపాడు. "లేదనుకోవడమేంటి? పెళ్ళికి ముందు నుంచీ దాంతోనే కదా నేను కుస్తీ పడుతున్నాను."

"లెక్క తేలిగ్గా ఉండాలని అలా అనుకుంటామండీ," అని ఆమె మళ్ళీ పేపర్లో తల దూర్చింది.

ఆయనకు ఆ మాట నచ్చలేదుగానీ ఆలోచన నచ్చింది. లేదనుకోవడం దేనికి, లేకుండానే చేస్తే పోలా? మర్నాడు నిచ్చెన వేసుకుని కప్పీ గాడి నిండా గ్రీజు పూశాడు. మిగిలింది పారేయడానికి మనసొప్పక తాడుకు కూడా పైనుంచి కిందిదాకా పట్టించాడు.

ఆ సాయంత్రం తెర చడీచప్పుడు లేకుండా లేచింది. డైరెక్టరు వచ్చి భుజం తట్టి వెళ్ళాడు. లైట్లాయన తన లైట్ల దగ్గరికి పోయాడు. రాజుగారు వేదిక అంచుకు వచ్చి ప్రజలనుద్దేశించి మాట్లాడడం మొదలుపెట్టారు. అప్పుడు గుంజ చుట్టూ ఉన్న తాడు పాములా జారడం తెరబాబాయ్ కంటబడింది.

పట్టుకుంటే చేతుల్లోంచీ జారింది. ఇలా కాదని గుంజ చుట్లు విప్పి, తాడును నడుముకు బిగించి ముడివేసుకున్నాడు. అది మంచి ముడి. ఆయన చేసిన తప్పల్లా అదే. తెర నెమ్మదిగా దిగింది, తెరబాబాయ్ నెమ్మదిగా లేచాడు. తెర అడుగునున్న ఇనప కడ్డీ రాజుగారి సింహాసనం మీద ఆగడంతో, ఆయన కూడా కప్పీ కిందికి ఊగి వచ్చి, తెరకు ముందువైపు మధ్యలో వేలాడుతూ ఆగిపోయాడు.

రాజుగారు పాత నటుడు, ఎక్కడా తడబడే రకం కాదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించి, "స్వామీ, ప్రత్యక్షమయ్యారా?" అన్నారు.

పైనుంచి స్వామి, "ఎవరైనా వచ్చి తాడు పట్టుకోండి నాయనా," అన్నాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఉన్న టీచరమ్మ మాత్రం కొట్టలేదు. గబగబా వేదిక వెనక్కి వెళ్ళి, వడ్రంగి బల్ల కిందున్న రంపపు పొట్టు దోసిళ్ళతో తెచ్చి, వేలాడుతున్న తాడు కొసకూ గుంజకూ దట్టంగా పట్టించింది. ఆమె, లైట్లాయన కలిసి కొస లాగితే స్వామివారు భూమ్మీదికి వచ్చారు, తెర పైకి వెళ్ళింది. ఆమె తాడును గుంజకు నాలుగైదు చుట్లు వేసి, ఒక్క చేత్తో పట్టుకుని నాటకం అయ్యేదాకా నిలబడింది.

పొద్దున్నే ఇద్దరూ కలిసి నిచ్చెన ఎక్కారు. కప్పీ చక్రం ఇరుసుకు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఎన్నేళ్ళుగానో అది తిరగనే లేదు. తాడే దాని మీద రాసుకుంటూ పోయి గాడిని లోతుగా కోసేసింది.

"తాడు చక్రాన్ని పట్టుకోవాలి, చక్రం ఇరుసు మీద జారాలి. మీరేమో పట్టుకోవాల్సిన చోట గ్రీజు పూసి, జారాల్సిన చోట తుప్పు వదిలేశారు," అంది ఆమె.

"మరి నువ్వు ఘర్షణ లేదన్నావుగా?"

"అది పేపర్లో. పేపర్లో తాడు లాగేవాడికి నడుంనొప్పి కూడా ఉండదు."

ఆయన కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత నవ్వేశాడు. ఇరుసు మార్చి, దానికి మాత్రమే నూనె వేశారు. పొడి తాడు తగిలించారు. చక్రం మొదటిసారి తిరుగుతుంటే తెరబాబాయ్ పసిపిల్లాడి అడుగులు చూస్తున్నట్టు చూశాడు. టీచరమ్మ కూడా నిచ్చెన దిగకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె బోర్డు మీద తప్ప కప్పీని ఇంత దగ్గరగా చూసింది లేదు.

కథ అక్కడితో ఆగలేదు. స్వామివారిని చూడాలని జనం అడుగుతున్నారని, ఆ ఘట్టం నాటకంలో ఉంచేస్తానని డైరెక్టరు పట్టుబట్టాడు. తెరబాబాయ్ చాలాసేపు బెట్టు చేసి, చివరికి తనకు వేరే తాడు కట్టాలనీ, అది తన భార్య చేతిలోనే ఉండాలనీ షరతు పెట్టి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి పైకి లాగడం లైట్లాయన వంతు, గుంజ చుట్లు ఒక్కొక్కటే వదులుతూ దించడం టీచరమ్మ వంతు. ఇంట్లో మాటా మాటా అనుకున్న రోజున మాత్రం స్వామివారు కిందికి దిగడం కాస్త ఆలస్యమయ్యేది.