జెలిందా అత్త గంట కొట్టని రోజు

కొత్తగా వచ్చిన ఫాదర్ గారు జెలిందా అత్తను చూసి, "మీరు ధన్యులమ్మా, ఊరి గంట మీ చేతుల్లో ఉంది" అన్నారు. అత్త ఆ రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"ఈ చేతులేనా ఫాదర్? చెంచా పట్టుకుంటే జారిపోతోంది. ఆ ధన్యతేదో మీరే తీసుకోండి, తాడు కూడా తీసుకోండి."

ఆయన నవ్వేశారు. అత్త ఏమన్నా అందరూ నవ్వేస్తారు, అదే మా వాళ్ళ రోగం. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మా తాతలు ఇటలీ నుంచి ఓడెక్కి ఈ బ్రెజిల్ కొండలకు వచ్చారు. అడవి కొట్టి, ఇళ్ళింకా సగం లేవకముందే గుడి ఎక్కడ కట్టాలని తగువులాడుకున్నారు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళకే కావాలి. చివరికి జెలిందా అత్త వాళ్ళ తాత, బ్రుస్తొలిన్ ముసలాయన, తన పొలంలో ఓ మూల ఇచ్చాడు. మిగతావాళ్ళు ఊరికే ఊరుకుంటారా? "గుడి నీ ఇంటి ముందుకు తెచ్చుకున్నావుగా! సరే, వడగళ్ళ మబ్బు వస్తే గంట కొట్టే పని కూడా నీ ఇంటిదే" అన్నారు. ఆ పిచ్చి ముసలాయన అదో గౌరవమనుకుని, అందరికీ ద్రాక్షసారా పోసి మరీ తలకెత్తుకున్నాడు.

మొదట చెక్కలతో కట్టారు, తర్వాత రాయితో. కంచరగాడిద మీద గంట తెచ్చి, పిడుగుల నుంచీ గాలివానల నుంచీ కాపాడే పునీత బార్బరమ్మ పేరు పెట్టారు. ఊడవడం, కొవ్వొత్తులు, పండగ వంట అన్నీ ఇంటింటికీ వంతులవారీగా తిరుగుతాయి. తాడొక్కటే తిరగదు. గంట మోగితే మబ్బు చెదిరి, వడగళ్ళు నీళ్ళయిపోతాయని మా నమ్మకం. అయినా పడ్డాయంటే గంట ఆలస్యంగా కొట్టినట్టు. తప్పు ఏనాడూ మబ్బుది కాదు! తోట పాడైనవాడు తెల్లారేసరికి అత్త గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిపోయేవాడు. ఆవిడ తల వంచుకుని వినేది.

ఆ ఇంట్లో మగపిల్లలు లేరు. చెల్లెలు ఓర్నెలా పెళ్ళి చేసుకుని పల్లపు నేలకు, వరి పండే చోటికి వెళ్ళిపోయింది. పెద్దదైన జెలిందాకు తాడు మిగిలింది. ఏటి అవతల నుంచి ఒకతను పెళ్ళికి అడిగి వెళ్ళాడు. ఇల్లరికం రమ్మన్నాడు వాళ్ళ నాన్న, అతను రాలేదు. ద్రాక్ష చిగురేసింది మొదలు కోతయ్యేదాకా అత్త ఊరు కదలకూడదు. ఓర్నెలా కూతురి పెళ్ళికీ వెళ్ళలేదు. ఆవిడకున్న కోరికల్లా ఒకటే, ఒక్క వేసవి ఓర్నెలా ఇంట్లో పడుకోవాలి. "అక్కడ మబ్బొస్తే వానేనట లూర్దెస్. పక్క మీంచి లేవక్కర్లేదట" అనేది నాతో.

ఏటా బార్బరమ్మ పండగ భోజనాలయ్యాక ఆవిడ లేచి నిలబడి, తాడు ఇంకెవరికైనా ఇవ్వమని అడిగేది. గుడి పెద్ద ఆర్లిందో నోట్లో పుల్ల పెట్టుకుని, "నీ చేతి గంటే వేరు అత్తా! కోతయ్యాక చూద్దాం" అనేవాడు. కోతయ్యాక ఎవడు కూర్చుంటాడు మీటింగుకి!

తర్వాత తోటల మీద వడగళ్ళు ఆపే వలలు వచ్చాయి. మొదట ఆర్లిందో కట్టించాడు, ఆ వెనకే మేమూ, అందరూ. ఒక్క అత్త కట్టుకోలేదు.

"గంట కొట్టేదాన్ని, నేనే వల కట్టుకుంటే ఊరు నవ్వదూ?" అంది. ఆర్లిందోని అడిగింది కూడా. "వలలున్నాయిగా నాయనా, ఇక నన్నొదిలేయండి."

"వల వలే, గంట గంటే. రెండూ ఉండనీ అత్తా, నీ సొమ్మేం పోయింది?"

మొన్న జనవరిలో, మాకది నడివేసవి, గుత్తులు నల్లబడే వేళ, మధ్యాహ్నం పడమట మబ్బు పచ్చగా కమ్మింది. నేను పొయ్యి మీద పొలెంతా, అదే మా మొక్కజొన్న సంకటి, కలుపుతున్నాను. గరిటె ఆపి చెవి ఒగ్గాను. గంట లేదు.

"గంట మోగట్లేదేమిటి?" అన్నాను మా ఆయన వల్దీర్‌తో.

"ఏ గంట? వల ఉందిగా, అన్నం పెట్టు" అన్నాడు.

వడగళ్ళు దబదబా పడి వెలిశాయి. అత్త ఇంటికి వెళ్ళే తోవ లేదు, వాగు పొంగింది. మర్నాడు పొద్దెక్కాక జున్ను ముక్క పట్టుకుని పరుగున వెళ్ళాను. అత్త తోట నేలకు అంటుకుపోయింది. ఆవిడ మాత్రం పూజకు వేసుకునే నల్ల గౌను తొడుక్కుని, తలుపులు బార్లా తెరుచుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన రెండు కుర్చీలు వేసి, వైన్ సీసా కూడా పెట్టింది.

"తిట్టడానికి వచ్చావా?"

"అయ్యో, నేనెందుకు తిడతాను! ఒంట్లో బాగాలేదా అత్తా?"

"బాగానే ఉన్నాను. నిన్న మబ్బు చూసి ఒక బూటు తొడిగాను. రెండోది తొడగబుద్ధి కాలేదు. మంచం మీదే కూర్చుండిపోయాను." గుమ్మంలోంచి బయటికి చూస్తూ, "తెల్లారిందగ్గర్నుంచి చూస్తున్నాను. ఆర్లిందో బండి ఇటే పోయింది, చెయ్యి ఊపాడు. ఎవరూ ఏమీ అనలేదా?" అని అడిగింది.

ఏం చెప్పను? మా ఆయన కూడా ఏ గంట అన్నాడు. జున్ను ముక్క బల్ల మీద పెట్టాను.

"ఒక్కరూ అడగలేదా లూర్దెస్?"

"లేదత్తా."

ఆవిడ మొహం చూడలేకపోయాను. తప్పు చేసిన చిన్నపిల్లలా గౌను అంచు నలుపుతోంది. "అయితే నువ్వైనా తిట్టు" అంది నెమ్మదిగా.

మొదట నా వల్ల కాలేదు. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, వల్దీర్ వాళ్ళమ్మ గొంతు అరువు తెచ్చుకున్నాను. "ఏం మనిషివి నువ్వు! ఊరంతా నిన్ను నమ్ముకుని కూర్చుంటే నువ్వు మంచం దిగవా? మీ తాత పరువేం కాను? బార్బరమ్మకు ఏ మొహం పెట్టుకుని కొవ్వొత్తి వెలిగిస్తావు? పండిన పంటంతా నీ మూలంగా..." సగంలో నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. ఆవిడ తల వంచుకుని, "తప్పే, తప్పే" అంటూ చివరిదాకా వింది.

"అయిందా?"

"అయింది."

లేచి, గుడి తాళంచెవి నా జున్ను పక్కన పెట్టి, సంచి సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అత్తను ఓర్నెలా ఊరి బస్సెక్కించి వస్తుంటే ఆర్లిందో ఎదురుపడి, అత్త ఎక్కడికని అడిగాడు.

"నిద్రపోవడానికి" అన్నాను.